ఎడారి వడ్డించిన విస్తరి

కొత్త ఊరికి బయల్దేరేవారు ముందుగా అడిగి తెలుసుకునేవి రెండు విషయాలు: ఏం చూడాలి, ఎక్కడ తినాలి? చూడాల్సినవి ఒక చీటీలో, తినాల్సినవి మరో చీటీలో రాసుకుంటారు. చాలా ఊళ్లలో ఆ రెండు చీటీలకూ పొంతన ఉండదు. అమెరికా నైరుతి మూలన, అరిజోనా రాష్ట్రపు దక్షిణ భాగంలో, మెక్సికో సరిహద్దుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న టూసాన్ నగరంలో మాత్రం వాటిని విడదీయడం కష్టం. అక్కడ పళ్లెంలోకి వచ్చే రొట్టె వెనక ఒక గుడి ఉంది. గింజ వెనక ఒక తెగ పోరాటం ఉంది. రాత్రి ఆకాశంలోని పాలపుంత వెనక కూడా చిక్కుడు గింజల కథే ఉంది.

సొనోరా ఎడారిలో, సముద్రమట్టానికి 2,400 అడుగుల ఎత్తున, నలుదిక్కులా కొండలు కాపుకాసిన నగరమిది. జనాభా అయిదు లక్షల పైమాటే. ఏడాది పొడవునా కురిసే వాన మూడు వందల మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురంలో కురిసేదానిలో దాదాపు సగం. అలాంటి చోటును 2015లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో ఆహార సంస్కృతి విభాగంలో చేర్చింది. అమెరికాలో ఆ గౌరవం అందుకున్న మొట్టమొదటి నగరం అదే. ఖరీదైన హోటళ్లున్న మహానగరాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. టూసాన్‌కు పీట వేయించింది మాత్రం నాలుగు వేల ఏళ్ల సేద్యం, ఆ సేద్యంలో పుట్టిన పంటలను నేటికీ పండించి వండుకుంటున్న మనుషులు.

ఆ నగరాన్ని చూడటం మొదలుపెట్టాల్సిన చోటు కూడా ఒక తోటే. ఊరికి పడమట సెంటినెల్ పీక్ అనే నల్లరాతి గుట్ట పాదాల దగ్గర, మట్టి ఇటుకల ప్రహరీ లోపల నాలుగెకరాల్లో ‘మిషన్ గార్డెన్’ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో స్పానిష్ మతగురువులు కాయగూరలు పండించుకున్న స్థలంలోనే దాన్ని మళ్లీ నాటారు. ఒక్కో మడి ఒక్కో కాలానిది. స్పెయిన్ వారు రాకముందు ఇక్కడివారు వేసిన మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుడు ఒక పక్క. వారు తెచ్చిన దానిమ్మ, అంజూరం, క్విన్స్ చెట్లు మరో పక్క. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఊరంతటికీ కూరగాయలు అందించిన చైనా రైతుల మడి ఇంకో పక్క. ఆ పరిసరాల్లోనే పురావస్తు తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్ల నాటి మొక్కజొన్న ఆనవాళ్లు, మూడు వేల ఏళ్లకు పైబడిన పంట కాలువలు బయటపడ్డాయి. చరిత్రను అద్దాల పెట్టెల్లో చూడటం మనకు అలవాటు. ఇక్కడ అది పూతకొచ్చి, కాయ కాసి, కోతకొచ్చి కనిపిస్తుంది.

ఊరికి తూర్పున ఒక సగం, పడమట మరో సగంగా ‘సువారో నేషనల్ పార్కు’ ఉంది. 1933లో రక్షిత ప్రాంతమై, 1994లో జాతీయ ఉద్యానమైంది. చేతులెత్తి నిలుచున్న మనుషుల్లా కనిపించే సువారో జెముళ్లు అక్కడ కొండవాలంతా పరచుకుని ఉంటాయి. మొలకెత్తి పదేళ్లయినా ఆ మొక్క రెండంగుళాలు దాటదు. మొదటి కొమ్మ తొడగడానికి యాభై నుంచి డెబ్బై అయిదేళ్లు పడుతుంది. నూటయాభై ఏళ్లకు మించి బతికినవీ ఉన్నాయి. పసితనంలో ఎండకూ మంచుకూ తట్టుకోలేదు గనుక పాలో వెర్దే, మెస్కీట్ చెట్ల నీడన పెరుగుతుంది. రాత్రివేళ విచ్చుకునే దాని పూలకు గబ్బిలాలు, తెల్లవారాక గువ్వలు, తేనెటీగలు వస్తాయి. జూన్‌లో ఎర్రటి పండ్లు పండుతాయి.

ఈ నేలకు మొదటి హక్కుదారులైన తొహోనో ఓధం ప్రజలకు ఏడాది మొదలయ్యేది ఆ పండ్లతోనే. ఎండిపోయిన సువారో లోపలి కర్రలనే పొడవాటి దోటిగా కట్టి, పై నుంచి పండ్లు రాలుస్తారు. గుజ్జును మరగబెట్టి పాకం తీస్తారు. ఆ పాకాన్ని పులియబెట్టి, వానను పిలిచే వేడుకలో అందరూ తాగుతారు. ఆ తర్వాత జులైలో మబ్బులు కమ్ముతాయి. సువారోను వారు చెట్టుగా చూడరు, తమలో ఒకరిగా, మనిషిగా చూస్తారు. ఆ సంగతి తెలిసి ఉద్యానంలో నడిచేవారు ఫొటో తీసుకునే ముందు ఒక్క క్షణమైనా నిలబడతారు. ఎడారి ప్రాణికోటిని ఒక్కచోట తెలుసుకోవాలంటే 1952లో తెరిచిన అరిజోనా-సొనోరా ఎడారి మ్యూజియం ఉంది. మ్యూజియమన్న పేరే గాని అందులో ఎక్కువ భాగం ఆరుబయటే. అందుకే పొద్దున్నే వెళ్లడం మంచిది.

ఓధం ప్రజల గింజ టెపరీ చిక్కుడు. జులై, ఆగస్టు నెలల్లో కొండవాగులు పొంగి నీరు పరచుకునే చోట విత్తనం చల్లితే, ఆ రెండు మూడు వానల తడితోనే పంట చేతికొస్తుంది. గింజ చిన్నది. నానబెట్టి చాలాసేపు ఉడికించాలి. పీచు, మాంసకృత్తులు దండిగా ఉన్నందున నెమ్మదిగా అరిగి, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెరగనివ్వదు. ఇరవయ్యో శతాబ్దంలో పత్తి పొలాల కూలీ, ప్రభుత్వం పంచిన మైదా, కొవ్వు, డబ్బా తిండి వచ్చి చేరాక ఈ పంట దాదాపు కనుమరుగైంది. దాని వెంటే మధుమేహం వచ్చిపడింది. నేడు ఆ వ్యాధి అత్యధికంగా ఉన్న జాతుల్లో ఓధం ప్రజలు ఒకరు. తాతలు పండించుకున్న తిండి మనవలకు అందకుండా పోవడం వారి ఒంట్లోకే చేరిన విషాదం.

విత్తనం అయినా మిగలాలని 1983లో టూసాన్‌లో ‘నేటివ్ సీడ్స్ సెర్చ్’ అనే సంస్థ మొదలైంది. ఓధం పల్లెల్లో పెరటి తోటలు వేయించడానికి వెళ్లినవారిని అక్కడి పెద్దలు ‘మా అమ్మమ్మలు వేసిన గింజలు దొరుకుతాయా’ అని అడిగారట. ఆ అడగడమే సంస్థకు పునాది. ఇప్పుడు నైరుతి ఎడారి ప్రాంతపు పంటల్లో దాదాపు 1,900 రకాల విత్తనాలు వారి దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈరోజు టూసాన్‌లో ఏ పూటకూళ్లలోనైనా టెపరీ పులుసో, సలాడో కనిపిస్తే, అది ఆ పెద్దల ప్రశ్నకు ఆలస్యంగా దొరికిన జవాబు. మన తెలుగువారిలో శాకాహారులు తినదగిన వంట కూడా. మామూలు బీన్స్ ముద్దలో పంది కొవ్వు కలపడం అక్కడి ఆనవాయితీ కనుక దాన్ని మాత్రం అడిగి తీసుకోవడం మేలు.

నీడనిచ్చే మెస్కీట్ చెట్టు మనకూ దూరపు చుట్టమే. మన చెరువు గట్లనూ బీళ్లనూ కమ్ముకున్న సర్కారు తుమ్మ ఆ వంశానిదే. దాన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో అటవీశాఖ నాటించింది. మనకు అది ముళ్లకంప, వంటచెరకు, బొగ్గు. సొనోరా ఎడారిలో మెస్కీట్ కాయలు తియ్యటి తిండి. వేసవిలో ఎండిన కాయలను ఏరి, పిండి పట్టించి, రొట్టెల్లో, అట్లలో, బిస్కెట్లలో వాడతారు. మాంసం కాల్చడానికీ ఆ కట్టె నిప్పులే కావాలంటారు. ఆ వంశపు చెట్టు ఖండాలు దాటి మన దగ్గరికి వచ్చింది గాని, దానితో కలిసి బతకడం తెలిసినవారి అనుభవం వెంట రాలేదు. పరాయి మొక్కలను తెచ్చుకునే ప్రతి ప్రభుత్వమూ గుర్తుంచుకోవాల్సిన పాఠమిది.

ఊరికి దక్షిణాన, ఓధం ప్రజలకు కేటాయించిన రిజర్వేషన్ భూమిలో తెల్లగా మెరిసే శాన్ హవియేర్ చర్చి ఉంది. 1692లో ఫాదర్ కీనో అనే జెసూట్ గురువు అక్కడ మత కేంద్రాన్ని ఏర్పాటు చేశాడు. ఇప్పుడు కనిపిస్తున్న కట్టడాన్ని ఫ్రాన్సిస్కన్ గురువుల హయాంలో 1783 నుంచి 1797 దాకా కట్టారు. రెండు గోపురాల్లో తూర్పుదానికి నేటికీ శిఖరం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటు లోపలి చెమ్మను బయటికి పోనివ్వక గోడలను పాడుచేస్తుంటే, దాన్ని గీకేసి పాత పద్ధతిలో సున్నంలో నాగజెముడు రసం కలిపి మళ్లీ గిలాబా చేశారు. లోపలి చిత్రాలను శుభ్రం చేసే పనిని నిపుణుల దగ్గర ఓధం యువకులూ నేర్చుకున్నారు. అది నేటికీ వారు ప్రార్థన చేసుకునే చోటు. చూడవచ్చినవారు అతిథుల్లా మెలగాలి.

కీనో కాలంలోనే తెల్ల సొనోరా గోధుమ ఇక్కడికి వచ్చిందంటారు. చలికాలంలో పండే పంట కావడంతో, వేసవి వానల పంట అయిపోయాక వచ్చే ఆకలి నెలలను అది గట్టెక్కించింది. సొనోరా వంటలో మొక్కజొన్నతో సమానంగా గోధుమ రొట్టె నిలవడానికి కారణమదే. మూర వెడల్పున, వెలుతురు ఆనేంత పల్చగా చేత్తో సాగదీసిన ఆ తోర్తియాలను చూస్తే పనితనమంటే ఏమిటో తెలుస్తుంది. మధ్యలో దాదాపు అంతరించిన ఈ గోధుమను శాన్ హవియేర్‌లోని ఓధం సహకార క్షేత్రం, చుట్టుపక్కల రైతులు మళ్లీ పండిస్తున్నారు. ఇలాంటి పాతకాలపు ధాన్యాలతో రొట్టెలు చేసే ‘బారియో బ్రెడ్’ యజమాని డాన్ గెర్రాకు 2022లో దేశంలోనే ఉత్తమ బేకర్‌గా జేమ్స్ బియర్డ్ పురస్కారం దక్కింది. చర్చి ముంగిట పందిళ్ల కింద ఓధం స్త్రీలు నూనెలో వేయించి ఇచ్చే రొట్టెకు మాత్రం వేరే నేపథ్యం. రిజర్వేషన్లలో రేషనుగా వచ్చిన మైదా, కొవ్వులతో ఆదివాసులు బతుకు వెళ్లదీసిన రోజుల గుర్తు అది. రెండూ తినదగినవే, రెండూ తెలుసుకుని తినదగినవి.

ఆ సహకార క్షేత్రానికి నీళ్లు ఊరికే రాలేదు. నగరం, గనులు, పెద్ద కమతాలు భూగర్భ జలాన్ని తోడేయడంతో శాన్ హవియేర్ పొలాలు ఎండిపోయాయి. 1975లో న్యాయస్థానంలో దావా పడింది. 1982లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2004లో గాని ఆ ఒప్పందం పూర్తిగా కొలిక్కి రాలేదు. ఆ తర్వాతే కొలరాడో నది నీటిలో వాటా వారి పొలాలకు నికరంగా దక్కింది. గుప్పెడు గింజల వెనక మూడు దశాబ్దాల న్యాయపోరాటం ఉందని తెలిస్తే, పళ్లెంలో మెతుకు వదలడానికి ఎవరికైనా చేయి రాదు.

ఇక ఊళ్లోకి వస్తే, 1775లో స్పానిష్ సైన్యం కట్టిన కోట చుట్టూ పెరిగిన పాత పట్టణం. తర్వాత మెక్సికోది, 1854లో కొనుగోలు ఒప్పందంతో అమెరికాది అయింది. వంటింట్లో మాత్రం సొనోరా చేతివాటం చెక్కుచెదరలేదు. 1922లో మోనికా ఫ్లిన్ ప్రారంభించిన ‘ఎల్ చారో కెఫే’ ఒకే కుటుంబం చేతుల మీదుగా ఎడతెగకుండా నడుస్తున్న మెక్సికన్ హోటళ్లలో దేశంలోకెల్లా పాతదని చెబుతారు. నిమ్మరసం, వెల్లుల్లి పట్టించిన మాంసాన్ని మేడ మీద జాలీ బోనులో ఎండబెట్టి వండే ‘కార్నే సెకా’ అక్కడి ప్రత్యేకం. మాంసపు వరుగులు ఎరిగిన మనకు ఆ ఎండ రుచి కొత్తేమీ కాదు. 1993లో చిన్న బండితో మొదలైన ‘ఎల్ గ్వేరో కనేలో’కు సొనోరా హాట్ డాగ్ పేరు తెచ్చింది. బేకన్ చుట్టి కాల్చిన సాసేజీని మెత్తటి రొట్టెలో పెట్టి బీన్స్, టమాటా, ఉల్లి, పచ్చిమిరప పచ్చడి దట్టిస్తారు. 2018లో దానికీ జేమ్స్ బియర్డ్ వారి గౌరవం లభించింది. వలస వచ్చినవారి బండి తిండికి దేశం లేచి నమస్కరించడం సంతోషించదగ్గ విషయం.

కారం కోరేవారు చిల్టెపీన్ అడగాలి. బఠాణీ కన్నా చిన్నగా, గుండ్రంగా ఉండే అడవి మిరపకాయ. చురుక్కుమంటుంది, అంతలోనే తగ్గిపోతుంది. కారం తెలియని పిట్టలు తిని, గింజలను పొదల నీడన రాలుస్తాయి. మనం వండుకునే మిరపలన్నిటికీ మూలం ఇలాంటి అడవి మిరపే. పోర్చుగీసు ఓడలెక్కి భారతదేశం చేరకముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలదే. గుంటూరు మిరప యార్డు చూసినవారు టూసాన్‌లో ఆ పిసరంత కాయను నాలుక మీద పెట్టుకుంటే ఎంత దూరపు చుట్టరికమో అర్థమవుతుంది.

తిన్నాక నడవాల్సిన వీధులు బారియో వియేహోలో ఉన్నాయి. వీధి అంచునే లేచిన మట్టి గోడలు, పసుపు, నీలం, ఎరుపు రంగుల తలుపులు. ఇప్పుడు మిగిలింది అసలులో కొంతే. 1960ల చివర్లో పట్టణ పునరుద్ధరణ పేరిట దాదాపు ఎనభై ఎకరాల్లో మెక్సికన్, చైనా, ఆఫ్రికా మూలాల కుటుంబాల ఇళ్లను, దుకాణాలను కూల్చేశారు. అక్కడ 1971లో సమావేశ భవనం వెలిసింది. మిగతా పేటను రహదారి మింగకుండా కాపాడటంలో ‘ఎల్ తిరాదితో’ అనే చిన్న మొండిగోడ పాత్ర ఉంది. చర్చి శ్మశానంలో చోటు దక్కని ఒక పాపాత్ముడి పేరిట జనం కొవ్వొత్తులు వెలిగించే మొక్కుల చోటది. పేటవాసులు పట్టుబట్టి 1971లో దాన్ని జాతీయ చారిత్రక జాబితాలో చేర్పించి రోడ్డును ఆపగలిగారు. కూల్చివేతల స్థలంలోని సంగీత మందిరానికి 2022లో ఈ ఊరి బిడ్డ, తండ్రి నేర్పిన మెక్సికన్ పాటలను దేశమంతా వినిపించిన లిండా రాన్‌స్టాట్ పేరు పెట్టారు. పోయిన ఇళ్లు తిరిగి రావు. వారి పాటకు అక్కడ పేరైనా దక్కింది.

ఊరి గుండా సాగే శాంటా క్రూజ్ ఒకప్పుడు ఇక్కడ ఏడాదంతా పారిన నది. గట్లు కోసుకుపోయి, బోర్లు లోతై, ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఇసుక మిగిలింది. 336 మైళ్ల కాలువతో కొలరాడో నీటిని తెచ్చి 1992లో నేరుగా ఇళ్లకు ఇస్తే పాత గొట్టాలు తుప్పు వదిలి నీరు ఎర్రబారింది, జనం తిరగబడ్డారు. నగరం తప్పు దిద్దుకుంది. ఆ నీటిని ఆవ్రా లోయలో భూమిలోకి ఇంకించి, భూగర్భ జలంతో కలిపి 2001 నుంచి అందిస్తోంది. వాణిజ్య భవనాలు తోటలకు వాడే నీటిలో సగం వాననీరై ఉండాలన్న నిబంధన 2010లో అమలులోకి వచ్చింది. జనాభా ఎంతో పెరిగినా నగరం మొత్తం నీటి వాడకం దాదాపు 1980ల స్థాయిలోనే ఉంది. 2019 నుంచి శుద్ధిచేసిన నీటిని నదిలోకి వదులుతుంటే, ఊరి నడిబొడ్డున తూనీగలు తిరిగొచ్చాయి. అది కూడా చూడదగిన దృశ్యమే.

చీకటి పడ్డాక ఈ నగరంలో మిణుకుమనేవి దీపాలకన్నా చుక్కలే ఎక్కువ. నైరుతి దిక్కున తొంభై కిలోమీటర్ల దూరంలోని కిట్ పీక్ శిఖరం ఓధం ప్రజలది, వారికి పవిత్రమైనది. అక్కడ వేధశాల కడతామని వచ్చిన శాస్త్రవేత్తలు పెద్దలను విశ్వవిద్యాలయానికి పిలిచి దూరదర్శినిలో చంద్రుణ్ని చూపించారు. చూశాకే వారు ఒప్పుకున్నారు. 1958లో ఒప్పందం కుదిరింది. ఆ ఆకాశం మసకబారకుండా 1972లోనే వీధి దీపాలపై కట్టుబాట్లు పెట్టారు. ఓధం కథల్లో పాలపుంత అంటే తోడేలు జాతికి చెందిన టక్కరి కయోటీ ఒలకబోసిన తెల్ల టెపరీ గింజలే. ఆకలి తీర్చే గింజను ఆకాశంలో పెట్టి పిల్లలకు చూపించిన తెగ అది.

అరిజోనాకు వెళ్లే తెలుగువారు తక్కువేమీ కాదు. పిల్లల చదువులకో, మనవల కోసమో వెళ్లిన పెద్దలకు గ్రాండ్ క్యానియన్ చూపించి వెనక్కి తీసుకొస్తారు. ఫీనిక్స్ నుంచి రెండు గంటల దారి టూసాన్. ఎండలు చల్లబడే నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. వాన వాసన తెలియాలంటే జులై నెలాఖరు. అక్కడ నడిచేవారు గొలుసు హోటళ్ల ముందు ఆగకుండా గింజ పండించినవారి దుకాణంలో, తోర్తియా సాగదీసేవారి ఇంటి ముందు ఖర్చు పెడితే, ఆ డబ్బు పొలానికీ విత్తనానికీ చేరుతుంది. యాత్రికుడు ఊరికి చేయగల మేలు అంతకన్నా ఏముంది?

టూసాన్ పక్కన మన పేరూ ఉంది. 2019లో హైదరాబాదు యునెస్కో ఆహార నగరాల జాబితాలో చేరింది. బిర్యానీని, హలీమ్‌ను, ఇరానీ చాయ్‌ని చూసి గర్వపడ్డాం. గర్వపడాల్సిందే. ఆ గౌరవం వంటవారితో పాటు విత్తనం దాచినవారిది, నీరు కాచినవారిది కూడా. జహీరాబాద్ పల్లెల్లో దళిత మహిళా రైతులు సంఘాలుగా కూడి జొన్న, కొర్ర, సామ, పప్పు విత్తనాలను బుట్టల్లో దాచి ఇంటింటికీ పంచుకుంటున్నారు. వారి గింజ నగరపు వంటింటికి ఎంత చేరుతోంది? మూసీలో, మిగిలిన చెరువుల్లో ఎంత మంచినీరు ఉంది? హైదరాబాదు వచ్చే అతిథికి ఆ పొలాలనూ, ఆ చెరువులనూ కూడా తలెత్తుకుని చూపించగలగాలి. ఏడాదికి మూడు వందల మిల్లీమీటర్ల వానతో ఒక ఎడారి నగరం చేయగలిగినప్పుడు, అంతకు రెండింతలకు మించి వాన పడే మన నగరానికి అది అసాధ్యం కాదు.